ఏ లైసెన్సు, ఏ దారిలో, ఏ వయసులో: నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఒక పోలిక

"అన్నా, లైసెన్సు తీయాలె. ఎంతైతది?" ఆన్‌లైన్ ఫారాలు నింపే మా దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఇదే. నేను జవాబు చెప్పకుండా తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఏం బండి నడుపుతావు? వయసెంత? కళ్లద్దాలు ఉన్నాయా? కొందరికి విసుగొస్తుంది. కానీ ఏ క్లాసుకు, అంటే ఏ రకం బండికి అప్లై చేయాలి, సొంతంగా పోవాలా స్కూల్లో చేరాలా, డాక్టర్ కాగితం కావాలా, కార్డు ఎన్నేళ్లు నడుస్తుంది అనేవన్నీ ఈ మూడింటి మీదే ఉంటాయి.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్సుకు ఒక్కో క్లాసుకు 150 రూపాయలు, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు ఒక్కో క్లాసుకు 300, లైసెన్సు ఇచ్చినందుకు 200. వీటి మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు, కార్డు పోస్టులో పంపే ఖర్చు కలుస్తాయి. బ్రోకరు వేలల్లో చెప్పినప్పుడు అందులో సర్కారుకు పోయేది ఎంత, ఆయన జేబులోకి పోయేది ఎంత అన్నది ఈ అంకెలు పక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది.

గేరుదా, గేరు లేనిదా?

స్కూటీ నడిపే ఆడపిల్లలకు ఇంట్లోవాళ్లు "నీకు గేరు లేనిది చాలు" అని తేల్చేస్తారు. టెస్టు తేలికే, కాదనను. అయితే గేరు బండి లైసెన్సు ఉన్నవాళ్లు గేరు లేనిది కూడా నడపొచ్చు. గేరు లేని లైసెన్సుతో తమ్ముడి బైకు ఎక్కడం మాత్రం కుదరదు. బైకు కొంచెమైనా వచ్చినవాళ్లను నేను గేరు క్లాసే రాయమంటాను. బైకు జోలికి అసలు పోను అనేవాళ్లు, యాభై దగ్గర పడ్డాక మొదటిసారి స్కూటీ నేర్చుకుంటున్న టీచరమ్మలు గేరు లేనిదే తీసుకోవడం నయం. అవసరం లేని బండి మీద టెస్టు టెన్షన్ ఎందుకు?

బైకు, కారు రెండూ ఒకే ఎల్ఎల్ఆర్‌లో (లెర్నర్ లైసెన్సులో) పెట్టుకోవచ్చు. కారు నేర్చుకోవడం ఈ నెలలోనో వచ్చే నెలలోనో మొదలుపెట్టేవాళ్లకు ఇది లాభం. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది, తీసుకున్న 30 రోజులు గడిస్తే గానీ పర్మనెంట్ టెస్టుకు పోలేరు. అంటే చేతిలో మిగిలేది అయిదు నెలలు. "ఎప్పుడో ఒకప్పుడు కారు నేర్చుకుంటా, ఇప్పుడే పెట్టు" అనేవాళ్లకు నేను బైకు ఒక్కటే పెడతాను. స్టీరింగు ముట్టకుండానే గడువు దాటిపోయి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక పదహారేళ్లకే తీసుకోవచ్చట కదా అనే ప్రశ్న. చట్టంలో ఉన్న మాటే, కానీ అది 50 సీసీ లోపు గేరు లేని బండికి, అమ్మానాన్నల ఒప్పుకోలుతో. అలాంటి బండి ఇప్పుడు షోరూములో దొరకదు. ఇంట్లో ఉన్న 110 సీసీ స్కూటీకి అది పనికిరాదు, 18 నిండేదాకా ఆగాల్సిందే. మైనరు బండి నడిపి కేసైతే చట్టం పట్టుకునేది పెద్దవాళ్లను. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇంటర్ కాలేజీ దూరమైతే బస్‌పాస్ చవక.

సొంత బండా, కిరాయి బండా?

అసలు అయోమయమంతా ఇక్కడే. టాటా ఏస్, బొలెరో పికప్ కొనుక్కొని కూరగాయలు, దాణా, కోళ్లు తోలుకునే కుర్రాళ్లు "పసుపు ప్లేటు బండికి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు లేకుంటే ఇన్సూరెన్సు రాదట" అని భయపడుతూ వస్తారు. ఒకప్పుడు ఆ భయంలో న్యాయం ఉండేది. 2017లో సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి, తర్వాత 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఒకే మాట చెప్పాయి. లైట్ మోటార్ వెహికిల్ (ఎల్ఎంవీ) లైసెన్సు, అంటే మామూలు కారు లైసెన్సు ఉంటే, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండి నడపడానికి కార్డు మీద వేరే ఎండార్స్‌మెంటు (అదనపు అనుమతి) అక్కర్లేదు. మొత్తం బరువంటే ఖాళీ బండి బరువు, దాని మీద వేయడానికి అనుమతి ఉన్న సరుకు బరువు కలిపి. ఆర్సీలోనే రాసి ఉంటుంది. పికప్‌లు ఈ హద్దుకు చాలా లోపలే ఉంటాయి. మనం డీసీఎం అని పిలిచేవాటిలో కొన్ని లోపల, కొన్ని బయట. ఆర్సీ చూడకుండా ఎక్కకండి.

ట్రాక్టరుదీ ఇదే లెక్క. ఖాళీ బండి బరువు 7,500 కిలోల లోపుంటే అది ఎల్ఎంవీయే. వెనక ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. మన దగ్గర అసలు గొడవ క్లాసుది కాదు. పత్తి, వడ్ల సీజన్ వచ్చిందంటే ఏ లైసెన్సూ లేని పిల్లగాడి చేతికి ట్రాక్టరు ఇచ్చేస్తారు. అప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. ఆ వసూలుకు పోయేది ట్రాక్టరు ఒక్కటే కాదు, ఒక్కోసారి ఎకరం పొలం కూడా.

మరి ట్రాన్స్‌పోర్టు క్లాసు ఎవరు తీసుకోవాలి? జీతానికి నడిపేవాళ్లు. స్కూలు బస్సు, కంపెనీ క్యాబ్, ఆర్టీసీ, లారీ ఓనరు, అందరూ కార్డు మీద ఆ అక్షరాలే చూస్తారు. కోర్టు తీర్పు ప్రింటు చూపిస్తే ఉద్యోగం రాదు. ఆటో నడిపేవాళ్లు కూడా మూడు చక్రాల క్లాసు కార్డులో కనపడేలా రాయించుకుంటే రోడ్డు మీద వాదన తప్పుతుంది. సొంత సరుకు సొంత పికప్‌లో తోలుకునేవాళ్లకు మాత్రం ఎల్ఎంవీ చాలని నా అభిప్రాయం. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అయిదేళ్లకే ముగుస్తుంది, ప్రతిసారీ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఎల్ఎంవీ అయితే ఇరవై ఏళ్లవాడికి నలభై వచ్చేదాకా నడుస్తుంది.

హెవీ, అంటే లారీ, బస్సు లైసెన్సు కావాలనుకునేవాళ్లు వెనక నుంచి లెక్క వేసుకోవాలి. కనీస వయసు 20. ఎల్ఎంవీ తీసుకొని కనీసం ఏడాది అయి ఉండాలి. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్, ఫారం 5 కావాలి. నిబంధనల ప్రకారం ఆ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర, మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు లారీల మీద క్లీనర్లుగా తిరిగే పిల్లలు 18 నిండగానే ఎల్ఎంవీ తీసుకుంటే 20కి హెవీ చేతికొస్తుంది. చాలామంది ఇరవై రెండు, ఇరవై మూడు దాకా ఏ లైసెన్సూ లేకుండా లారీ పట్టుకొని తిరిగి, అప్పుడు కారు లైసెన్సుతో మొదలుపెడతారు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధన 2019లో తీసేశారు. చదువు లేదని ఆగిపోయిన పెద్ద డ్రైవర్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్ల మీదికి పోవాలంటే వేరే శిక్షణ కావాలి, ఆ లైసెన్సు గడువు మూడేళ్లే.

సొంతంగానా, స్కూలా, బ్రోకరా?

బైకు ఒక్కటే అయితే సొంతంగా పోండి, అంతే. స్లాటు ఆన్‌లైన్‌లో మీరే బుక్ చేసుకోవచ్చు. ఎల్ఎల్ఆర్ పరీక్ష తెలుగులో రాయొచ్చు, నూటికి అరవై శాతం సరైన జవాబులు చాలు. సైన్ బోర్డుల గుర్తులు ఒకటి రెండు సాయంత్రాలు చూసుకుంటే సరిపోతుంది. ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువగా ఏమీ చూడకుండా పోయినవాళ్లే.

టెస్టు రోజు ఎనిమిది ఆకారం ట్రాకు మీద కాలు కింద పెట్టకూడదు. ఊర్లో పదేళ్ల నుంచి బైకు నడుపుతున్నవాడు ఇక్కడ కాలు పెడతాడు, కొత్తగా నేర్చుకున్న అమ్మాయి పాసైపోతుంది. ఏళ్లుగా నడిపేవాడికి స్పీడులో బ్యాలెన్సు అలవాటు, ఎనిమిదికి కావాల్సింది నెమ్మదిలో బ్యాలెన్సు. ఫస్టు గేరో సెకండో వేసి, ముందు బ్రేకు ముట్టకుండా, చక్రం వైపు కాకుండా తిరగాల్సిన మలుపు వైపు చూస్తూ పోవాలి. బుల్లెట్ ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచి, బావమరిది తేలికపాటి బైకు అడిగి తీసుకుపోండి. ఏ బండి తీసుకుపోయినా దాని ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ బతికి ఉండాలి. టెస్టుకు ముందే వెనక్కి తిరిగి రావడానికి ఇది పెద్ద కారణం.

కారుకైతే స్కూలు మంచిది, కానీ ఏ స్కూలన్నది అడిగి చూసి చేరాలి. నిబంధన ప్రకారం కారు శిక్షణ 21 రోజులకు, స్టీరింగు మీద 10 గంటలకు తగ్గకూడదు. స్కూలువాళ్లు "ఇరవై రోజుల కోర్సు" అంటారు. ఒక కారులో నలుగురిని ఎక్కించి రోజుకు అరగంట తిప్పితే ఒక్కొక్కరి చేతికి స్టీరింగు వచ్చేది ఎన్ని నిమిషాలో లెక్కేసుకోండి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, "నా ఒక్కడి చేతిలో మొత్తం ఎన్ని గంటలు ఉంటుంది?" అని. రెండోది, కారుకు నేర్పేవాడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్నాయా అని. మూడోది, హైవే మీదికి తీసుకుపోతారా అని. పట్టణంలో గడియారం సెంటర్ చుట్టూ తిప్పి, 'హెచ్' ఆకారం ట్రాకు మీద రివర్సు బట్టీ పట్టించి పంపేస్తే టెస్టు పాసవుతారు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కినప్పుడో, జడ్చర్ల దగ్గర 44 ఎక్కినప్పుడో తెలుస్తుంది నేర్చుకోనిది ఎంతో. ఊరి క్రాసింగు దగ్గర రాంగ్ రూటులో వచ్చే బైకు, వెనక లైటు లేని ట్రాక్టరు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. రాత్రిపూట ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనపడవు. ఇవి ఏ సిలబస్‌లోనూ లేవు. నేర్పేవాడు మన రోడ్ల మీద తిరిగినవాడైతే తనే చెబుతాడు.

గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలని ఇంకో దారి ఉంది. 2021 జూలై 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఇవి మామూలు స్కూళ్లు కావు. కారు శిక్షణకు కనీసం ఎకరం, హెవీకి రెండెకరాల స్థలం, సిమ్యులేటర్, టెస్టు ట్రాకు ఉండాలి. కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు, హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పాసై ఫారం 5బి తెచ్చుకున్నవాళ్లకు ఆర్టీఏలో మళ్లీ డ్రైవింగ్ టెస్టు అవసరం ఉండదు. 2024 జూన్ 1 నుంచి ఎవరికీ ఆర్టీఏ టెస్టు లేదని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది తప్పు, ఆ రోజు నుంచి కొత్తగా మారింది ఏమీ లేదని కేంద్రమే చెప్పింది. మామూలు స్కూలు ఇచ్చే ఫారం 5తో టెస్టు తప్పదు. 'బి' అక్షరం ఉందో లేదో చూసుకోండి. హెవీ సీరియస్‌గా నేర్చుకోవాలనుకునే కుర్రాడికి సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఉన్న డ్రైవింగ్ శిక్షణ సంస్థ లాంటి చోటు బాగుంటుంది. నల్లగొండ నుంచి దూరమే, కానీ అది జీవితాంతం చేసే పని. కారు కోసం అంత దూరం పోనక్కర్లేదు.

బ్రోకరు చేసే పని నిజానికి మూడే: ఫారం నింపడం, స్లాటు తీయడం, పక్కన నిలబడి ధైర్యం చెప్పడం. మొదటి రెండూ మీసేవలోనో, ఫోను చేతిలో ఉన్న మేనల్లుడితోనో అయిపోతాయి. మూడోదానికి వేలు పెట్టేవాళ్లను నేను ఆపను. కానీ "డాక్టర్ కాగితం కూడా నేనే చూసుకుంటా, నువ్వు రానక్కర్లేదు" అన్నాడంటే అక్కడ ఆగండి. మోసంతోనో తప్పుడు వివరాలతోనో తీసుకున్న లైసెన్సును 19వ సెక్షన్ కింద రద్దు చేయొచ్చు. ఫారం మీద సంతకం మీది, బ్రోకరుది కాదు.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ పోవచ్చు. మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు ఆగాలి. తొందరపడి వారం వారం పోయి మూడు అవకాశాలూ పోగొట్టుకోవడం కంటే, రెండోసారికి ముందు ఖాళీ మైదానంలో సున్నంతో ఎనిమిది గీసుకొని తిరగండి.

డాక్టర్ కాగితం: ఎవరికి కావాలి, ఏం చూస్తారు

నలభై లోపువాళ్లు సొంత బండి లైసెన్సుకు ఫారం 1 నింపితే చాలు. అది మీ ఆరోగ్యం గురించి మీరే ఇచ్చుకునే ప్రమాణం. నలభై దాటినవాళ్లకు, ఏ వయసైనా ట్రాన్స్‌పోర్టు లైసెన్సు కావాల్సినవాళ్లకు ఫారం 1ఏ కావాలి, దాని మీద రిజిస్టర్డ్ డాక్టర్ సంతకం పెట్టాలి. మా ఊళ్లలో సూది వేసే ఆర్ఎంపీ డాక్టరు ఎంత మంచివాడైనా ఆ సంతకం చెల్లదు. ఎంబీబీఎస్ చదివి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరే పెట్టాలి. ప్రైవేటు క్లినిక్ పని తొందరగా తేలుస్తుంది. షుగరో కంటి సమస్యో ఉందని అనుమానం ఉంటే మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో ఒకటి మేలు. మెడికల్ కాలేజీలు వచ్చాక అక్కడ కంటి డాక్టరు, ఎముకల డాక్టరు ఒకే ఆవరణలో దొరుకుతారు. అరపూట పోతుంది, పోనివ్వండి.

ఫారంలో అడిగేవి గట్టిగా ఏడు ప్రశ్నలు. మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, తల తిరగడం ఉన్నాయా? మంచి వెలుతురులో 25 మీటర్ల నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా? చేయి, కాలు కోల్పోయారా, కదలికలో లోపం ఉందా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? హారను శబ్దం వినపడుతుందా? డ్రైవింగ్‌కు ప్రమాదమయ్యే ఇంకేదైనా జబ్బు ఉందా?

కంటి పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. 25 మీటర్లంటే మామూలు నడకలో ముప్పై మూడు, ముప్పై నాలుగు అంగలు. ఒక కన్ను మూసి పక్కింటి కారు నంబరు చదవండి, తర్వాత రెండోది మూసి చదవండి. అద్దాలతో చదివినా పర్వాలేదు, అప్పుడు బండి నడిపేటప్పుడు కూడా అవి పెట్టుకోవాలి. రెండు కళ్లతో కలిపి బాగానే కనపడుతుంటే ఒక కంటిలో శుక్లం పెరిగింది ఏళ్లపాటు తెలియదు. శుక్లం ఉందని తేలితే ఆపరేషన్ ముందా, రెన్యువల్ ముందా? గడువుకు ఇంకా కొన్ని నెలలుంటే ఆపరేషన్ చేయించుకొని, కన్ను కుదుటపడి, కొత్త అద్దాలొచ్చాక డాక్టర్ దగ్గరికి పోండి. రెన్యువల్‌కు గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచీ అప్లై చేయొచ్చు కాబట్టి తొందరపడాల్సిన పనిలేదు.

రంగుల సంగతిలో 2020 జూన్‌లో నిబంధన సడలించారు. రంగులు గుర్తించడంలో కొద్దిపాటి, మధ్యరకం లోపం ఉన్నవాళ్లకు ఇప్పుడు లైసెన్సు వస్తుంది, తీవ్రమైన లోపం ఉంటేనే రాదు. ఎప్పుడో కాదని పంపేసినవాళ్లు కంటి డాక్టర్ దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. వినికిడి లోపం ఉన్నవాళ్లకు కూడా తలుపులు మూసేయలేదు. బండి నడిపి టెస్టు పాసైతే చెవుడు ఒక్కటే కారణంగా కాదనకూడదని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

మూర్ఛ దగ్గర నేను కఠినంగానే ఉంటాను. "రెండేళ్ల నుంచి రాలేదు, లేదని రాసెయ్యన్నా" అంటారు. నేను రాయను. న్యూరాలజిస్టు దగ్గర కాగితాలన్నీ తీసుకుపోయి బండి నడపొచ్చా అని ఆయన్నే అడగమంటాను. ఈలోగా బస్సు, రైలు, పక్కింటివాళ్ల బండి వెనక సీటు. బతుకుదెరువే డ్రైవింగ్ అయినవాళ్లకు ఇది ఎంత కష్టమో తెలుసు. అయినా ముప్పై మంది పిల్లలున్న స్కూలు బస్సు విషయంలో వేరే జవాబు ఉండదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఫారంలోని తల తిరగడం, స్పృహ తప్పడం అనే ప్రశ్నను నిజాయితీగా చదవాలి. షుగరు పడిపోయి కళ్లు తిరిగిన సందర్భం ఉంటే డాక్టరుకు దాచకండి. చాలామందికి మందు మోతాదు, తినే వేళలు సర్దితే సరిపోతుంది, లైసెన్సు పోదు.

నల్లగొండ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సంగతి ఫ్లోరోసిస్, నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నుంచి వచ్చే యాభై దాటినవాళ్లలో మెడ తిరగనివాళ్లు, నడుము వంగనివాళ్లు ఇప్పటికీ కనపడతారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల తరం మారింది, కానీ అంతకుముందు ఎముకలకు పట్టింది పోదు. ఫారంలో ఫ్లోరోసిస్ అనే మాట ఉండదు, "కదలికలో లోపం" అనే ప్రశ్న కిందికే ఇది వస్తుంది. దీన్ని ఉంది, లేదు అని ఒక్క మాటలో తేల్చలేం. మోకాళ్లు కొంచెం పట్టేస్తున్నా మెడ తిరుగుతున్న మనిషి గేరు లేని కారు హాయిగా నడుపుతాడు, ఎడమ కాలికి క్లచ్ పని ఉండదు. మెడే తిరగనివాళ్లకు మాత్రం బైకు కంటే కారే నయమని నా ఉద్దేశం. కారుకు మూడు వైపులా అద్దాలు, రివర్సు కెమెరా పెట్టుకోవచ్చు. బైకు మీద పక్కనుంచి వచ్చేది చూడాలంటే తల తిప్పాల్సిందే. లారీ లైసెన్సు ఆలోచన అలాంటివాళ్లు మానుకోవడమే మంచిది, ఎవరో సంతకం పెట్టినా సరే. కాళ్లలో బలం తక్కువైనవాళ్లకు, పోలియో వచ్చినవాళ్లకు పక్క చక్రాలు బిగించిన స్కూటర్ ఉంది. చట్టంలో దీన్ని అడాప్టెడ్ వెహికిల్ అంటారు, లైసెన్సు కూడా ఆ బండికే ఇస్తారు. మెకానిక్కు దగ్గర చక్రాలు బిగించుకొని ఊరుకోకుండా ఆ మార్పును ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది.

తేదీల లెక్క

సొంత బండి లైసెన్సు గడువు మీరు తీసుకునే వయసును బట్టి మారుతుంది. 30 నిండకముందు తీసుకుంటే 40 వచ్చేదాకా. 30 నుంచి 50 లోపు తీసుకుంటే పదేళ్లు. 50 నుంచి 55 లోపైతే 60 నిండేదాకా. 55 దాటాక అయిదేళ్లకోసారి. అంటే యాభై నిండకముందు, నలభై తొమ్మిదిన్నరలో తీసుకున్నవాడికి యాభై తొమ్మిదిన్నర దాకా వస్తుంది. యాభై నాలుగున్నరలో తీసుకున్నవాడికి అయిదున్నరేళ్లు. ఈ కొద్ది నెలల కోసం పుట్టినరోజులు లెక్కపెట్టుకుంటూ గడువు దాటించుకోవద్దు. పాత చట్టంలో గడువు ముగిశాక 30 రోజులు చెల్లేది, 2019 సవరణలో అది తీసేశారు. ఇప్పుడు గడువు తీరిన మర్నాడే బండి ఎక్కితే లైసెన్సు లేనట్టే. ముగిశాక ఏడాది లోపు రెన్యువల్‌కు పోతే టెస్టు ఉండదు, ఏడాది దాటితే మళ్లీ ట్రాకు మీద హెచ్ కొట్టాలి.

ట్రాన్స్‌పోర్టు కూడా ఉన్నవాళ్ల కార్డు మీద రెండు తేదీలుంటాయి, నాన్ ట్రాన్స్‌పోర్టుది ఒకటి, ట్రాన్స్‌పోర్టుది ఒకటి. పెద్ద తేదీ చూసి ధీమాగా తిరిగే లారీ డ్రైవర్లకు నేను చిన్న తేదీని ఫోనులో అలారం పెట్టించి పంపిస్తాను. కార్డు ఇంట్లో మరిచిపోయినా డిజిలాకర్‌లో చూపించొచ్చు, అది చెల్లుతుంది.

అరవై దాటిన నాన్నలు, తాతలు

ఇంట్లోవాళ్లు రెండే దారులనుకుంటారు, రెన్యువల్ చేయించడమో తాళాలు దాచేయడమో. మధ్యలో ఇంకోటి ఉంది. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న ఎలక్ట్రిక్ స్కూటరుకు లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. పొద్దున పాలకు, సాయంత్రం రచ్చబండకు పోయే తాతకు అది చాలు. అమ్మేవాళ్లు కొందరు "లాక్ తీసేస్తే నలభై పోతది" అని ఊరిస్తారు. లాక్ తీస్తే అది మామూలు మోటారు బండే, లైసెన్సు కావాల్సిందే. హైవే దాటి పొలానికి పోయేవాళ్లకు ఇది వద్దు, ఆ వేగంతో నాలుగు వరుసల రోడ్డు దాటడం ప్రమాదం.

కారు నడపగలిగే పెద్దవాళ్లకు పగలు మాత్రమే నడుపుదామని ఇంట్లో ఒప్పించడం తాళాలు దాచడం కంటే తేలిక. ఎదుటి హెడ్‌లైటు పడ్డాక చూపు కుదుటపడటానికి ఎక్కువసేపు పడుతుంటే పెళ్లిళ్లకు రాత్రి ప్రయాణాలు కొడుకు చేతికిచ్చేయాలి. ఫిట్‌నెస్ కాగితం వచ్చిన రోజున మనిషి బాగుంటే సరిపోదు, అయిదేళ్లలో ఒంట్లో ఏదైనా మారితే లైసెన్సు అధికారి మధ్యలో కూడా సర్టిఫికెట్ అడగొచ్చని చట్టం చెబుతోంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోతూ ఇంటర్నేషనల్ పర్మిట్ అడిగేవాళ్లు కూడా వస్తుంటారు. ఫీజు 1,000 రూపాయలు, గడువు ఏడాది. పాస్‌పోర్టు, వీసా, గడువున్న లైసెన్సు కావాలి. కార్డు గడువు దగ్గర పడి ఉంటే ముందు దాన్నే రెన్యువల్ చేయించుకోండి. గల్ఫ్‌కు డ్రైవర్ పనికి పోయేవాళ్లు ఈ పర్మిట్‌తో పని జరుగుతుందనుకోవద్దు. అక్కడ ఉండి పనిచేయాలంటే ఆ దేశపు లైసెన్సు వేరే తీసుకోవాలి. ఏజెంటు "వచ్చాక మేం చూసుకుంటాం" అంటే దాని ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.